దీర్ఘం లేని ఆట

ప్రభావవంతమూ ఆకర్షణీయమూ అయిన ప్రాథమిక పాఠ్యప్రణాళికను రూపొందించడానికి ఏర్పడిన సంఘం పదకొండు నెలల్లో ఏడుసార్లు సమావేశమై ఒక వాక్యం తయారుచేసింది. వాక్యం మంచిది. అందుకు నేను సాక్షిని. ప్రతి సంఘంలోనూ ఒక విశ్రాంత అధ్యాపకుడు ఉండితీరాలన్న నిబంధన కింద, ముప్పై రెండేళ్ళు భౌతికశాస్త్రం చెప్పి ఇంట్లో కూర్చున్న నన్ను అందులో వేశారు. ఆ వాక్యం ఇది: "ప్రాథమిక స్థాయిలో సమస్త బోధనయు ఆటల ద్వారానే జరుగవలెను."

పన్నెండో నెలలో అది ఉత్తర్వుగా వెలువడింది. నలభై మూడు వేల ప్రతులు బడులకు వెళ్ళగా మిగిలిన ఒక ప్రతి నా ఇంటికి వచ్చింది. చదివాను. కళ్ళజోడు తుడుచుకొని మళ్ళీ చదివాను. "సమస్త బోధనయు అటల ద్వారానే జరుగవలెను" అని ఉంది. మొదటి అక్షరానికి ఉండవలసిన తోక అచ్చులో ఎక్కడో జారిపోయింది. ఆట పోయి అట మిగిలింది. కింద సంచాలకులవారి సంతకం మాత్రం ఆకుపచ్చ సిరాలో, తోకతో సహా, ఏ లోపమూ లేకుండా ఉంది.

తెలుగులో "అట" చాలా చిన్న మాట. మనం చూడనిదాన్ని చెప్పేటప్పుడు వాక్యం చివర తగిలిస్తాం. పక్కింటివాళ్ళు ఇల్లు అమ్మేస్తారట. ఒంగోలులో వాన పడిందట. ఇల్లు అమ్మకపోయినా, వాన పడకపోయినా చెప్పినవాడికి పూచీ లేదు. వ్యాకరణం మొత్తంలో ఇంతకంటే క్షేమకరమైన పదం కనిపించదు. ఒక ప్రభుత్వ శాఖకు అది అంత త్వరగా నచ్చడంలో ఆశ్చర్యం లేదు.

మర్నాడే శాఖ కార్యాలయానికి వెళ్ళి సూపరింటెండెంటు భుజంగరావుగారికి ఆ అక్షరం చూపించాను. ఆయన దాన్ని దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు, చివరకు కాగితం తిరగేసి వెనకవైపు కూడా చూశారు.

"ఏనుగు వెళ్ళి తోక చిక్కడం విన్నామండీ," అన్నారు. "తోక ఊడి ఏనుగు చిక్కడం నా సర్వీసులో ఇదే మొదలు."

"ఒక సవరణ వేస్తే సరిపోతుంది కదా?"

"ఎలా వేస్తామండీ? సవరణ వెయ్యాలంటే తప్పు జరిగిందని రాయాలి. తప్పు జరిగిందంటే విచారణ. విచారణంటే మొదటి ప్రశ్న ఏవిటి? సంతకం ఎవరు పెట్టారని. అంచేత తప్పు జరగలేదండి."

ఇంతలో లోపలి గదిలోంచి పిలుపు వచ్చింది. సంచాలకులు డాక్టర్ గరుడాచలంగారు కిటికీ దగ్గర నిలబడి, జాతి భవిష్యత్తు సరిగ్గా కార్యాలయపు సైకిల్ స్టాండులోనే ఉన్నట్టు అటే చూస్తున్నారు.

"లెక్చరరుగారూ, మీరు అక్షరాన్ని చూస్తున్నారు. నేను ఆశయాన్ని చూస్తున్నాను. 'భూమి గుండ్రముగా ఉండును.' ఎంతటి అహంకారపూరిత వాక్యమండీ! శిశువు సుకుమార మనోఫలకంపై నిశ్చయాత్మక జ్ఞానాన్ని మోపడమే. అదే 'భూమి గుండ్రముగా ఉండునట' అనండి. ఎంతటి వినయం! ఎంతటి అవకాశం!"

"కాని సంఘం అనుకొన్నది ఆటలు కదండీ?"

"అనుకొన్నదట," అన్నారు గరుడాచలంగారు.

అక్కడితో విధానం ఖరారయింది.

దానికి "పరోక్షాధారిత వినమ్ర బోధన" అని పేరు పెట్టారు. రెండువందల పన్నెండు పుటల "అటదర్శిని" అనే కరదీపిక వెలువడింది. ముఖపత్రం మీద గరుడాచలంగారి ఛాయాచిత్రం, లోపల క్రమబద్ధమైన సోపానాలు. ఒకటో తరగతికి శుద్ధ అట. రెండో తరగతికి ప్రశ్నార్థక అట, అంటే "అటనా?" మూడో తరగతికి ఆశ్చర్యార్థక అట, అంటే "అటగా!" ఉపాధ్యాయులకు మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. రెండో రోజున ఒక మాస్టారు లేచి, మా ప్రాంతంలో "అట" అనం, "అంట" అంటాం, ఎలాగ అని అడిగాడు. శిక్షణ అక్కడికక్కడే ఆగింది. ఉపసంఘం కూర్చుంది. నాలుగు వారాల తర్వాత తీర్పు వచ్చింది: "'అంట' అను రూపము అంట్లను స్ఫురింపజేయుచున్నందున తరగతిగదియందు నిషిద్ధము. మధ్యాహ్న భోజన పథకమునందు మాత్రము అనుమతింపవచ్చును."

జూన్ నెలకల్లా రాష్ట్రమంతా ఎక్కాలు మారిపోయాయి. ఏ బడి పక్కనుంచి వెళ్ళినా "రెండొకట్ల రెండట, రెండు రెళ్ళు నాలుగట, రెండు మూళ్ళు ఆరట" అని పిల్లల గొంతులు ఒక్కసారిగా లేచేవి. లెక్కలన్నీ ఎవరో కిట్టనివాళ్ళు పుట్టించిన పుకార్లలా వినిపించేవి. హాజరు పిలిస్తే పిల్లలు "వచ్చానట సార్" అనేవారు. ఒక మాస్టారు "నాకు జ్వరమట" అని సెలవు కోరాడు. "మంజూరైనదట" అని జవాబు వచ్చింది. పాపం ఆయన ఆ పూట ఇంటికి పోవాలో బడికి పోవాలో తెలియక బస్టాండులో కూర్చున్నాడు.

ఉత్తర్వులో "సమస్త" అన్న మాట ఉన్నందున, బోధనకే గాక రికార్డులకూ ఇది వర్తిస్తుందని భుజంగరావుగారు సూక్ష్మంగా గ్రహించారు. శాఖలోని ప్రతి దస్త్రంలో ప్రతి వాక్యానికీ అట చేర్చారు. మరుగుదొడ్డి కలదట. తాగునీటి వసతి కలదట. ప్రహరీ గోడ పూర్తియైనదట. శాఖ పుట్టిననాటి నుంచి దాని రికార్డుల్లో ఇంత నిజం ఎన్నడూ లేదు.

ఇక అమలు జరుగుతున్నదో లేదో ఎలా తెలుస్తుంది? అందుకు "అటమాపిని" వచ్చింది. అది ఫోనులో పెట్టుకొనే యాప్. బల్లమీద పెడితే గదిలో పలికిన అటలన్నీ లెక్కపెడుతుంది. పీరియడుకు నలభై అటలు కనీస ప్రమాణం. "అంట"ను అది మనిషి మాటగా గుర్తించదు. ఇరవైమంది కంటే తక్కువ పిల్లలున్న బడి ఈ ప్రమాణాన్ని అందుకోకపోతే, కిలోమీటరు లోపల ఉన్న మరో బడిలో కలిపివేస్తారు.

నన్ను క్షేత్ర పరిశీలకుడిగా వేసిన మండలంలో పావురాలదిన్నె అని ఒక ఊరుంది. అక్కడి బడిలో పిల్లలు పందొమ్మిదిమంది. టీచరు ఒక్కతే, దాసరి రూతమ్మగారు. బడి పోతే పిల్లలు నడిచి వెళ్ళవలసింది నేషనల్ హైవే అవతలి పెద్దబడికి. మూడేళ్ళ క్రితం ఆ రోడ్డు దాటుతూ లారీ తగిలి ఒక పిల్ల కాలు పోగొట్టుకొంది. అది రూతమ్మగారి దగ్గర ఒకటో తరగతి చదివిన పిల్లే. కాబట్టి విలీనమన్న మాట వింటే ఆమెకు శాఖ గుర్తుకు రాదు, ఆ రోడ్డు గుర్తుకొస్తుంది.

నేను వెళ్ళేసరికి ఆమె అటమాపినిని ఎదురుగా పెట్టుకొని కూర్చొని ఉంది.

"ఇరవయ్యారేళ్ళ నించీ చెప్తన్నా సార్," అంది. "రెండు రెళ్ళు నాలుగని నా నోటితో నేనే చెప్పి, మళ్ళీ నాకేం సంబంధం లేదన్నట్టు పక్కకి తప్పుకోమంటే ఎట్టా సార్?"

"ప్రయత్నించారా?"

"ఎందుకు ప్రయత్నించలా? మొదటిరోజే అన్నా. అంతే, ఆ పిల్ల లేచింది."

ఆ పిల్ల నాగసిరి. మూడో తరగతి. రెండు జడలు, ఒకదానికే రిబ్బను. నా వైపు అనుమానంగా చూస్తోంది.

"ఏమన్నావమ్మా?" అని అడిగాను.

"ఎవరన్నారు టీచర్, అన్నా."

"నేనేమో డిపార్టుమెంటు అన్నదమ్మా అన్నా," అంది రూతమ్మగారు. "అంటే ఇది, డిపార్టుమెంటు చూసిందా అంటది."

"మా అమ్మ చెప్పింది సార్," అంది నాగసిరి. "ఎవరన్నా వచ్చి ఫలానాది అంట అంటే, ఎవరన్నారు, నువ్వు చూశావా అని అడగమంది. అడక్కపోతే కాపరాలు కూలిపోతయ్యంట."

"కూలిపోతయ్యని ఎవరన్నారు?" అన్నాడు వెనక బల్ల మీది పిల్లవాడు.

"మా అమ్మ. చూసింది గూడా. మా పిన్నిది."

దీనికి సంఘం దగ్గర జవాబు లేదు. రూతమ్మగారి దగ్గర మాత్రం చింతపిక్కలు ఉన్నాయి. రెండేసి పిక్కలు రెండు కుప్పలు పెట్టించి, కలిపి లెక్కపెట్టమంది. నాలుగు వచ్చాయి. అప్పుడు నాగసిరి వెళ్ళి నల్లబల్ల మీద "రెండు రెళ్ళు నాలుగట" అన్నచోట "ట" తుడిచి, "గ"కు కొమ్ము పెట్టింది. ఆ రోజు నుంచి అదే వాళ్ళ పని. ఉదయం టీచరు అటలు రాస్తుంది. మధ్యాహ్నానికి పిల్లలు చూసివచ్చి తుడుస్తారు. తేలు తన పిల్లల్ని వీపున మోస్తుందట. గోడవెనక రాయి లేపి చూశారు, మోస్తోంది; అట తుడిచారు, ఆ తర్వాత పరుగెత్తారు. నెమలి కన్నీళ్ళు తాగి గుడ్లు పెడుతుందట. కందిచేలో పన్నెండు రోజులు కాపు కాశారు. పదమూడోనాడు వాక్యం మొత్తం తుడిచేశారు. అట తుడిస్తే ఒక మార్కు, వాక్యమే తుడిస్తే రెండు. ఆవుకు నాలుగు పొట్టలట అన్నది మాత్రం ఆవు యజమాని ఒప్పుకోక అలాగే ఉండిపోయింది.

"దీన్నేమంటారు?" అని అడిగాను.

"తుడుపాట!" అని పందొమ్మిదిమందీ అరిచారు.

సంఘం పదకొండు నెలలు వెతికి, అచ్చులో పోగొట్టుకొన్న దీర్ఘం నాకు అక్కడ దొరికింది. కాని దాన్ని చెప్పుకోవడానికి వీలు లేదు, ఎందుకంటే రాసి తుడిచిన అట ఫోనుకు వినబడదు. అటమాపినిలో ఆ పీరియడుకు మూడే అటలు నమోదయ్యాయి. ఒకటి నేను అన్నది.

"అమ్మా, పిల్లలు వెళ్ళాక ఆ ఫోను ముందు కూర్చొని నలభైసార్లు అట అనేయరాదా?" అన్నాను. ఈ సలహా ఇచ్చినందుకు నేను ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

రూతమ్మగారు చింతపిక్కలు ఏరుతూ అంది: "అనొచ్చు సార్. కానీ రేపు ఈ పిల్ల వచ్చి, ఎవరన్నారు టీచర్ అంటే?"

నెల తిరగకుండానే పావురాలదిన్నె పేరు విలీనం జాబితాలో మొదటి వరుసలో వచ్చింది. రాష్ట్రంలో అతి తక్కువ అటలు గల బడి కావడంతో, ఆ ఉత్తర్వును స్వయంగా చదివి వినిపించడానికి గరుడాచలంగారే బయలుదేరారు. వెంట భుజంగరావుగారు, నేను.

రూతమ్మగారు అటదర్శినిలో చెప్పినట్టే నల్లబల్ల మీద రాసి పరిచయం చేసింది: "పిల్లలూ, వీరు మన శాఖ సంచాలకులుగారట."

"ఎవరన్నారు టీచర్?" అంది నాగసిరి.

భుజంగరావుగారు గొంతు సవరించుకొన్నారు. గరుడాచలంగారు ఉదారంగా నవ్వి, మెడలోని గుర్తింపుకార్డు తీసి అందించారు. పందొమ్మిది తలలు దానిమీదికి వంగాయి.

"ఈ ఫొటోలో సారుకి జుట్టుంది," అన్నాడొకడు.

"ఈయన కాదేమో."

"ఆయనే అమ్మా, ఆయనే," అన్నారు భుజంగరావుగారు కంగారుగా. "నేను చూశాను. పోతుండగా చూశాను."

ప్రత్యక్షసాక్షి ఉన్నందున పిల్లలు అట తుడిచారు. గరుడాచలంగారి నవ్వు కొంచెం తగ్గింది. భుజంగరావుగారు ఉత్తర్వు విప్పి చదివారు: "ఈ పాఠశాలయందు విద్యార్థులు పందొమ్మిదిమందియట. అట సూచిక మూడట. సమీప పాఠశాల తొమ్మిదివందల మీటర్ల దూరమున కలదట. కావున విలీనము చేయబడునట."

రూతమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడవైపు తిరిగింది.

"తొమ్మిదొందల మీటర్లని ఎవరన్నారు సార్?" అంది నాగసిరి.

"రికార్డు అన్నది," అన్నారు గరుడాచలంగారు.

"రికార్డు చూసిందా?"

"ఎవరీ బాలిక? చూడమ్మా, రికార్డు అనేది చూడదు. రికార్డునే మనం చూస్తాం."

"అయితే మనం చూద్దాం సార్. మా దగ్గర తాడుంది."

పది మీటర్ల తాడు. చేల గట్లు కొలిచి అటలు తుడవడానికి పిల్లలు పేనుకొన్నది. గరుడాచలంగారు గడియారం చూసుకొన్నారు. నేను అటదర్శిని తెరిచి అరవై ఒకటో పుట ఆయన ముందు పెట్టాను. "శిశువు కుతూహలమునకు అడ్డుపడు అధికారి శిక్షార్హుడట" అని అక్కడ ఉంది.

"ఇది ఎవరు రాశారు?" అన్నారాయన.

"ముఖపత్రం మీద ఎవరి బొమ్మ ఉంటే వారేనండీ," అన్నారు భుజంగరావుగారు నేలచూపులు చూస్తూ.

బయలుదేరాం. ముందు తాడు, వెనక లెక్క, మధ్యలో గొడుగు కింద గరుడాచలంగారు. "ఒకటి! రెండు! మూడు!" అని పిల్లలు అరుస్తున్నారు. ముప్పయ్యో తాడు దగ్గర ఆయన గొడుగు భుజంగరావుగారికి ఇచ్చారు, అరవయ్యో తాడు దగ్గర కోటు ఇచ్చారు. తొంభయ్యో తాడు ఒక మిరపతోట నడుమ పడింది. చుట్టూ కనుచూపు మేర మిరపచెట్లు. ఒక దిష్టిబొమ్మ.

"బడి ఏది?" అన్నారు గరుడాచలంగారు.

"ఇక్కడే ఉందంట సార్," అంది నాగసిరి.

నూట తొంభయ్యో తాడు దగ్గర ఆయన బూటు ఒకటి కాలువ బురదలో ఉండిపోయింది. పిల్లలు దాన్ని పీకి, అది సారుదేనని రెండో కాలితో పోల్చి చూసి మరీ ఇచ్చారు. రెండువందల నలభై దగ్గర హైవే వచ్చింది.

అంతవరకు కేరింతలు కొడుతున్న పిల్లలు అక్కడ తమంతట తామే గొంతు తగ్గించారు. లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఒక్కొక్క లారీ పోయినప్పుడల్లా చిన్నపిల్లల గౌన్లు ఎగిరి ముఖాలకు కొట్టుకొంటున్నాయి. పదకొండు నిమిషాలు నిలబడ్డాం. నేను గడియారం చూశాను. గరుడాచలంగారు ఒక అడుగు ముందుకు వేసి, రెండు అడుగులు వెనక్కి వచ్చారు. ఇంకొకసారి అలాగే చేశారు.

నాగసిరి ఆయన చెయ్యి పట్టుకొంది. "ఉండండి సార్. నేను ఉరకమన్నప్పుడు ఉరకండి. మధ్యలో ఆగబాకండి."

ఆయన ఏ ప్రశ్నా అడగలేదు. ఉరకమంది, ఉరికారు. ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో ఆయన ఒకరి మాట చూడకుండా నమ్మింది బహుశా అప్పుడే. ఆ మాటకు మాత్రం అట లేదు.

పెద్దబడి అరుగుమీద కూలబడి నీళ్ళు తాగుతూ ఆయన చాలాసేపు హైవే వైపే చూశారు.

"మూడొందల ఇరవయ్యొక్క తాడు సార్," అంది నాగసిరి. "అంటే మూడు కిలోమీటర్ల రెండొందల పది మీటర్లు. రెండుసార్లు లెక్కపెట్టాం."

"సుమారు మూడని రాయండి," అన్నారు గరుడాచలంగారు.

"సుమారని ఎవరన్నారు సార్?"

ఆయన కళ్ళు మూసుకొన్నారు. భుజంగరావుగారు మోకాలిమీద కాగితం పరిచి కలం తెరిచారు. "మూడు కిలోమీటర్ల రెండువందల పది మీటర్లు. దూరము కిలోమీటరుకు మించియుండుటచే విలీనమునకు వీలు... ఇక్కడ లేదు అని రాయనా అండీ, లేదట అని రాయనా?"

గరుడాచలంగారు తన బూట్ల వైపు చూశారు. ఒకటి నల్లగా ఉంది, ఒకటి బురదగా ఉంది.

"లేదు," అన్నారు.

ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టారు. రికార్డుల్లో అట చేరిన తర్వాత ఆ శాఖ నుంచి వెలువడిన అట లేని వాక్యం అదొక్కటే. వెనుదిరిగేటప్పుడు మళ్ళీ హైవే దాటాలని గుర్తుకొచ్చి, ఆయన తనంతట తానే చెయ్యి చాచారు. నాగసిరికి అప్పుడు తాడు చుట్టే పని ఉంది. ఇంకో చిన్నపిల్ల పట్టుకొంది.

రెండు నెలల తర్వాత కొత్త ఉత్తర్వు వచ్చింది: "'అటల' అనుచోట 'ఆటల' అని చదువుకొనవలెను. ఇదివరకే అట్లు చదువుకొననివారు ఉన్నచో అది వారి పొరపాటు." అనుబంధంలో ఆమోదిత క్రీడలు అరవై నాలుగు ఉన్నాయి. వాటిలో తుడుపాట లేదు. "అట" అను పదమును బడి ఆవరణలో ఉచ్చరింపరాదని ప్రత్యేకంగా హెచ్చరించారు. అటమాపిని మాత్రం మారలేదు. ఇదివరకు అటలు తక్కువైతే మోగేది, ఇప్పుడు ఒక్క అట వినబడితే మోగుతుంది.

అది "అంట"ను మనిషి మాటగా గుర్తించదన్న సంగతి ఎవరూ గుర్తుంచుకోలేదు. పావురాలదిన్నెలో తుడుపాట నిరాటంకంగా సాగుతోంది.

కొత్త ఉత్తర్వు అందిన రోజున ఏం జరిగిందో రూతమ్మగారు నాకు ఫోనులో చెప్పింది. నాగసిరి పాత ఉత్తర్వు తెచ్చి కొత్తదాని పక్కన పెట్టిందట. రెంటినీ చాలాసేపు చూసిందట. తర్వాత అడిగిందట: "రెండిట్లోనూ సంతకం ఒకటే టీచర్. సారు ఏది చదివి పెట్టారంట?"

రూతమ్మగారు నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, "పెద్దసారు చదివే సంతకం పెడతారంట" అని రాసింది. అది బల్ల మీద ఒక మూల ఇంకా అలాగే ఉంది. అంట తుడవడానికి ఆధారం దొరకలేదు. అయితే వాక్యమే తుడిచేసి రెండు మార్కులు వేసుకొందామని మిగతావాళ్ళు అన్నారట. అంత తొందర కూడదని, సారును ఇంకోసారి కనిపెట్టి చూడాలని నాగసిరి అన్నదట.